వాగు దాటని సిగ్నల్

పానకాలు ఫోన్ మోగడం లేదు.

ఓగేరు వాగు ఒడ్డున, మోకాలి లోతు బురదలో నిలబడి సాయిలక్ష్మి మళ్ళీ మళ్ళీ భర్తకు కాల్ చేస్తోంది. ప్రతిసారీ అదే గొంతు, అదే మాట. అందుబాటులో లేరు. మనిషి మాత్రం కళ్ళెదుటే ఉన్నాడు. వాగు మధ్యలో, ట్రాక్టరు వెనకున్న పత్తి ట్రక్కు మీద.

పొద్దున తుఫాను వాన కాస్త తెరిపివ్వగానే, ఏరిన పత్తి చేలోనే కుళ్ళిపోతుందని ట్రాక్టరు తీసుకుని వెళ్ళాడతను. తిరిగొచ్చేసరికి చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. కూలీలు ట్రక్కు దిగి అవతలి ఊరికి నడిచి వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పులతో నడవలేని ముఠా మేస్త్రి అంకమ్మ ఒక్కతే పత్తి బోరాల మీద ఉండిపోయింది. ఈ మాత్రం నీళ్ళేనా అని పానకాలు ట్రాక్టరు దింపాడు. సగం దాటకముందే ప్రవాహం దాన్ని చప్టా మీంచి పక్కకు నెట్టేసింది. దిగువన ఒక తుమ్మచెట్టు అడ్డు తగలకపోతే ఈపాటికి ఇద్దరూ ఉండేవాళ్ళు కాదు.

ఇంజను మునిగిపోయింది. ట్రక్కు వెనక తలుపు మీద పసుపు రంగుతో రాయించిన ఊరి పేరు కింద నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి.

సహాయం కోసం ఫోన్లు చేశారు. బోటు బయల్దేరిందట, కానీ హైవే మీదే నీళ్ళున్నాయి. పురుగుమందు కొట్టే డ్రోన్ అతనేమో ఈ గాలిలో ఎగరదని చెప్పేశాడు. పానకాలు తమ్ముడు సురేంద్ర రాయికి దారం కట్టి విసిరాడు. పాతిక గజాలు పోయి పడింది. ఖాళీ డబ్బాకు దారం కట్టి ఎగువ నుంచి వదిలాడు. వాగు వంపు దాన్ని అవతలి ఒడ్డుకు లాక్కుపోయింది.

ఉన్నట్టుండి సాయిలక్ష్మి ఫోన్ మోగింది. వాగు మధ్యలో పానకాలు చేతిలో ఏదో వెండిలా మెరుస్తోంది.

"ఏమయ్యా! ఫోనెందుకు కట్టేశావు?"

"కట్టెయ్యలేదే. తడవకుండా మిరప విత్తనాల కవర్లో పెట్టుకున్నా."

అక్కడ అందరూ చేసేదే అది. లోపల వెండి రేకు ఉండే మందపాటి కవరు. విత్తనాలు అయిపోయాక పారెయ్యరు. మందు కొట్టేటప్పుడు ఫోన్ అందులో పెట్టి, మూతి రెండు మడతలు మడిచి, రబ్బరు బ్యాండు వేసి జేబులో దోపుకుంటారు. చుక్క నీరు పోదు.

"బయట ఉంచుకో, నేను చేస్తుంటా."

"ఈ వానలోనా? తడిస్తే ఇదీ పోద్ది. నేనే చేస్తాలే. సాయీ... చెట్టు కదులుతోంది. వేళ్ళు లేస్తున్నట్టున్నాయి."

వెనకనుంచి అంకమ్మ గొంతు వినిపించింది. "పంతులమ్మా! నీ మొగుడు ట్రాక్టరు తోలమంటే పడవ తోలాడే!"

ఫోన్ ఆగిపోయింది. పడవ అన్న మాట మాత్రం సాయిలక్ష్మి చెవిలో ఉండిపోయింది.

"సురేంద్రా, బండి తియ్. ఇంట్లో అద్దాల బీరువా మీద నా బోటుంది. దాని రిమోట్ కూడా పట్రా."

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు నేవల్ ఎన్‌సీసీలో ఆమె చేతులతో కట్టిన మోటారు బోటు అది. మూరెడు పొడవు. పోటీలయ్యాక దాంతోపాటు, దాన్ని నడిపే రిమోట్, ఆ కాలపు రేడియో ట్రాన్స్‌మిటర్ కూడా ఇంటికొచ్చింది. ఇప్పుడు ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతూ, ఏటా సైన్స్ ఫెయిర్‌లో నీళ్ళ తొట్టిలో దాన్ని తిప్పి చూపిస్తుంది. పోయిన నెల తోపులాటలో ట్రాన్స్‌మిటర్ ఏరియల్ విరిగింది. బెత్తెడు ముక్క మిగిలింది. తొట్టికి ఆ ముక్క చాలు.

వాగుకు చాలదు. ఆ సంగతి ఆమెకు మొదటి ప్రయత్నంలోనే తెలిసింది.

సన్నటి నైలాన్ దారం బోటు వెనక కట్టి, ఎగువన వదిలారు. నీళ్ళు కిందికి లాగుతుంటే మోటారుతో అడ్డంగా నడిపించాలి. సరిగ్గా వెళితే ట్రక్కు దగ్గరికి చేరుతుంది. ఒడ్డు వదిలి పది బారలు వెళ్ళిందో లేదో చుక్కాని పిచ్చిగా కొట్టుకుంది. బోటు గిరగిరా తిరిగి ప్రవాహంతో కొట్టుకుపోయింది. సురేంద్ర దారం పట్టి వెనక్కి లాగాడు.

"వదినా, ఆ ఏరియల్ని బోటు వైపు గురిపెట్టి చూడు!"

"ఇది స్ప్రే గన్ కాదు సురేంద్రా. కొసలోంచి సిగ్నల్ పోదు, పక్కలకు పోద్ది. నిలువుగానే పట్టుకోవాలి." ఆమె చుట్టూ చూసింది. ఒడ్డున గౌస్ బాషా జేసీబీ ఆగి ఉంది. క్యాబిన్ మీద రేడియో ఏరియల్ నిటారుగా నిలబడి ఉంది. "బాషా అన్నా, అది విప్పుతావా?"

"టీచరమ్మా, జేసీబీనే విప్పమన్నా విప్పుతా." మాట పూర్తికాకముందే స్పానర్ తీశాడతను.

విరిగిన ముక్కకు జేసీబీ ఏరియల్ ఆనించి, రాగి తీగ బిగించి చుట్టి, పైన టేపు వేశారు. సాయిలక్ష్మి లోడరు బకెట్లో ఎక్కి నిలబడింది. బాషా దాన్ని పైకి లేపాడు. ట్రాన్స్‌మిటర్‌కి ఇంతకంటే చెయ్యగలిగింది లేదు.

బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఈసారి మొదటిసారి ఆగిన చోటు దాటింది. ఒడ్డున జనం అరిచారు. ఇంకొంచెం వెళ్ళింది. సగం దూరం.

చుక్కాని మళ్ళీ కొట్టుకుంది. బోటు మూతి తిప్పుకుని కిందికి పోయింది.

ఊరి పేరులో కింది సగం అక్షరాలు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.

"ఇంకెన్నిసార్లు నడుస్తుంది వదినా?" దారం లాగుతూ అడిగాడు సురేంద్ర.

 బోటులో ఉన్నది చిన్న బ్యాటరీ. మోటారు శబ్దం అప్పుడే సన్నబడింది. ఇంకొక్కసారి. మహా అయితే.

తుమ్మచెట్టు ఒక్కసారిగా వంగింది. ట్రక్కు ఒక పక్కకు ఒరిగింది. ఒక బోరం జారి నీళ్ళలో పడి, తెల్లగా విచ్చుకుంటూ పోయింది. అంకమ్మ పానకాలు చొక్కా పట్టుకుని వేలాడుతోంది.

బరువు ఎగువ వైపుకు మార్చమని చెప్పాలి. సాయిలక్ష్మి అరిచింది. వాగు హోరులో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. ఫోన్ తీసింది.

అందుబాటులో లేరు.

"మళ్ళీ ఆ కవర్లోనే పెట్టాడు!" కోపంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిక్షేపంలాంటి ఫోన్ తీసుకెళ్ళి ఆ రేకులో పెడితే సిగ్నల్ ఎట్లా..."



వంగి సురేంద్ర చేతిలోని బోటు వైపు చూసింది. మూత కింద, సిగ్నల్ అందుకునే రిసీవర్ ఉంది. వదిలేముందు నీళ్ళు పోతాయని ఆమే దాన్ని భద్రం చేసింది. దాని ఏరియల్ తీగను చుట్టగా చుట్టి, రెండూ కలిపి సురేంద్ర జేబులోని మిరప విత్తనాల కవర్లో పెట్టి, రెండు మడతలు మడిచి, రబ్బరు బ్యాండు వేసింది.

"బాషా అన్నా, దించు! త్వరగా దించు!"

బకెట్ నేలను తాకకముందే దూకింది. మూత ఊడబీకింది. వెండి కవరు లాగి బురదలోకి విసిరింది.

"అయ్యో వదినా, తడిసిపోద్ది!"

"తడవనీ. మీ అన్న ఫోన్ ఎందుకు మోగట్లేదో ఇదీ అందుకే వినట్లేదు. ప్లాస్టిక్ కవరేమన్నా ఉందా, రేకు లేనిది?"

బాషా టిఫిన్ తెచ్చుకున్న కవరు దులిపి ఇచ్చాడు. "ఇడ్లీ వాసనొస్తది, పర్లేదా?"

రిసీవర్ని అందులో ముడేసింది. తీగ చుట్ట విప్పి, కవరు మూతిలోంచి బయటికి తీసింది. ఒడ్డున కొట్టుకొచ్చిన పత్తికట్టె ఒకటి విరిచి బోటులో నిలువుగా గుచ్చి, దాని పొడవునా తీగ కట్టింది. చివరి ముడి సురేంద్ర వేశాడు.

మూడోసారి.

బకెట్ పైకి లేచింది. ట్రాన్స్‌మిటర్ని గుండెకు ఆనించి, ఏరియల్ నిటారుగా ఉంచి, ఆమె బొటనవేలితో దాని మీది చుక్కాని పుల్లను కదిలించింది. బోటు మూతి తిరిగింది. మాట విన్నది.

మొదటి చోటు దాటింది. రెండో చోటు దగ్గరికొచ్చింది. ఒడ్డున ఎవరూ అరవడం లేదు.

దాటింది. చుక్కాని కొట్టుకోలేదు.

కానీ మోటారు నీరసిస్తోంది. అడ్డంగా వెళ్ళే వేగం తగ్గుతోంది, కిందికి లాగే నీళ్ళ వేగం తగ్గడం లేదు. ట్రక్కు అందకుండానే దిగువకు జారిపోయేలా ఉంది. సాయిలక్ష్మి చుక్కాని చివరంటా తిప్పి, బోటును ఏటికి ఎదురు పెట్టింది. ఒక్క క్షణం అది ఉన్నచోటే నిలబడి వణికింది. తర్వాత మోటారు ఆగిపోయింది.

బోటు జారింది. పానకాలు బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. బోటు వేళ్ళకు తగిలి పక్కకు పోయింది.

"ఒరే, నీ చేతులు కాలా! తప్పుకో!" అంకమ్మ తన చేతికర్రను నీళ్ళలోకి దించి, బోటు వెనక వస్తున్న దారాన్ని కర్రకు మెలేసి పైకి ఎత్తింది.

అప్పుడు లేచిన అరుపు ఊళ్ళోకి వినిపించి ఉంటుంది.

పానకాలు దారం లాగాడు. దారం వెనక నైలాన్ తాడు, తాడు వెనక బోరాలు కట్టే లావు మోకు. మోకు రెండో కొస జేసీబీకి కట్టి ఉంది. మోకుతోపాటు రెండు ఖాళీ మందు క్యాన్లు కూడా పంపారు. ఈసారి ఫోన్ బయటే ఉంది.

"అంకమ్మ పిన్నిని ముందు పంపు. క్యాన్లు చంకల కింద కట్టు. నైలాన్ తాడు కొస నీ దగ్గరే ఉంచుకో, దాంతోనే మోకు మళ్ళీ నీ దగ్గరికి రావాలి."

"తెలుసులేవే."

"నీకేం తెలుసో ఇందాక చూశాం!"

సాయిలక్ష్మి బకెట్ దిగాక బాషా జేసీబీని అంగుళం అంగుళం వెనక్కి నడిపాడు. అంకమ్మ తిట్టుకుంటూ, నీళ్ళు మింగుతూ ఒడ్డుకొచ్చి పడింది. ఒడ్డున వాళ్ళు ఆమెకు కట్టిన మోకు, క్యాన్లు విప్పి వదలగానే పానకాలు తాడు లాగడం మొదలుపెట్టాడు. పసుపు అక్షరాలు ఒక్కటి కూడా కనిపించడం లేదు.

మోకు అతని నడుముకు చుట్టుకునే సమయానికి తుమ్మచెట్టు పెళపెళమంది.

"లాగు!" సాయిలక్ష్మి అరుపుకు జేసీబీ ఉలిక్కిపడ్డట్టు వెనక్కి దూకింది. చెట్టు పడింది. ట్రక్కు, దాని మీది పత్తి, నీళ్ళ అడుగున ఉన్న ట్రాక్టరు ఒక్కసారిగా దొర్లాయి. పానకాలు నీళ్ళలో మాయమయ్యాడు. మోకు మాత్రం బిగుసుకునే ఉంది.

ఆ తర్వాత దిగువన ఒక తల పైకి లేచింది. దగ్గుతోంది.

నలుగురు ఎదురెళ్ళి లాక్కొచ్చారు. బురదలో వెల్లకిలా పడి, ఊపిరి అందగానే అతను జేబులో చెయ్యి పెట్టాడు. వెండి కవరు తీశాడు. రబ్బరు బ్యాండు ఊడదీసి, లోపలి ఫోన్ పైకెత్తి చూపించాడు.

"చూశావా సాయీ? ఒక్క చుక్క కూడా..."

సాయిలక్ష్మి ఆ కవరు లాక్కుని, దాంతోనే అతని భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆమె ఏడుస్తోందని అందరికీ కనిపిస్తూనే ఉంది.

పక్కన చీర పిండుకుంటూ అంకమ్మ అంది. "కొట్టు పంతులమ్మా. నావి కూడా రెండు వెయ్యి."