అమ్మీ అడిగిన కలేజీ

షఫీఉద్దీన్ తుమ్మ మొక్క మొదట్లో గడ్డపార దించి అటూ ఇటూ కదిపి, వేరు తెగకుండా పైకి లాగాడు. మూరెడు మొక్కకు మనిషెత్తు వేరు. దాన్ని పసుపు డ్రమ్ములో పడేసి తర్వాతి మొక్క దగ్గరికి నడిచాడు. చీమల పుట్ట కనిపిస్తే మట్టి ఎత్తాలి, పందికొక్కు కలుగు కనిపిస్తే జెండా పాతాలి. కంచన్‌బాగ్ దాటి చాలా దూరం పోయాక, ఎప్పుడో మూతపడ్డ ఒక కంపెనీ తన రేడియోధార్మిక చెత్తను పూడ్చిన స్థలం అది. వేళ్లు ఆ విషాన్ని ఆకుల్లోకి తోడతాయి. చీమలూ పందికొక్కులూ మట్టితో పాటు పైకి తెస్తాయి. అందుకే అక్కడి గడ్డిపోచ కూడా గేటు దాటకూడదు.

ఈ సంగతి షఫీకి బాగా తెలుసు. తెలిసీ నెల రోజులుగా తుమ్మకాయల మూట కంచె మీంచి అవతలికి విసురుతున్నాడు. సాయంత్రం పోతూ పోతూ బండికి తగిలించుకుంటున్నాడు.

హుస్సేనీ ఆలంలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వాకిలి. తమ్ముడు కాషిఫ్‌కు మలక్‌పేటలో చెప్పుల దుకాణం. బక్రీద్‌కని నెల కిందట వాడు తెచ్చిన బక్రాను చూడడానికి గల్లీ అంతా వచ్చింది. పక్కనే కట్టేసిన షఫీ మేకపోతు ఎముకల గూడు. దాన్ని చూసినవాళ్లు మర్యాదగా చూపు తిప్పుకున్నారు. చిన్నప్పటినుంచీ ఇదే వరస. కాషిఫ్ అందగాడు, మాటకారి. అమ్మీ వజీరున్నీసా వాడి పళ్లెం నింపాకే షఫీ వైపు గరిటె తిప్పేది. యాభై దాటినా షఫీ ఆ గరిటెను మరిచిపోలేదు. మండుటెండల్లో పచ్చగా, గుత్తులు గుత్తులుగా కాసిన చెట్టు అతని కళ్ల ముందు ఒక్కటే ఉంది. కంచె మూలన, బండల సందున వేరు దిగి ఎంతకీ పెకలని పెద్ద తుమ్మ.

ఇవాళ మధ్యాహ్నం సూపర్‌వైజరు అమరనాథ్ మీటరు పట్టుకుని ఆ చెట్టు దగ్గరికే వచ్చాడు. కాయల గుత్తికి ఆనించగానే మీటరు గరగరలాడింది.

“షఫీ భాయ్, దీని వేరు చెత్త దాకా దిగింది. కాయలల్ల గూడ ఉంది. రేపు కొట్టేద్దాం.”

“కాయలు తింటే ఏమైతది సార్?”

“తిన్నదాని కండల, బొక్కల కూసుంటది. దాన్ని తిన్నోళ్లకు ఎక్కుతది. గందుకే గద గీ కంచె.”

షఫీ తలూపాడు. కొత్త సంగతేం కాదు. నెల రోజులుగా తెలియనట్టు నటిస్తున్నాడు, అంతే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం. ఈసారి వాళ్లంతా షఫీ బక్రా చుట్టూ ఉన్నారు. ఒళ్లు నిగనిగలాడుతోంది.

“నీ బక్రా ముందట నాదేం పనికొస్తది భాయ్! మస్తు మేపినవ్. ఏం పెట్టినవ్ దీనికి?” అన్నాడు కాషిఫ్. నవ్వాడు గాని మొహం చిన్నబోయింది. షఫీకి ప్రాణం లేచొచ్చింది. ఆ మొహం చూడడానికే కదా ఇన్నాళ్లూ కాచుకున్నది.

మంచం మీంచి అమ్మీ పిలిచింది. “షఫీ బేటా, ఈసారి కలేజీ నీ బక్రాదే తింట. కాషిఫ్‌కు గూడ చెప్పిన. మొదటి ముక్క నువ్వే తినిపియ్యాలె.”

ఇన్నేళ్లకు ఆ మాట వచ్చింది. ఒక్క కార్జం ముక్కకు ఏమవుతుందిలే అనుకున్నాడు షఫీ. నిజంగానే అనుకున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అమ్మీ బోసినోటితో నవ్వుతూ అతని వైపే చూస్తోంది. మంచం పక్కన కూర్చున్నాడు.

“వద్దమ్మీ. గది ఎవ్వరు తినొద్దు. నేను తప్పు జేసిన.”

తర్వాత అమరనాథ్‌కు ఫోన్ చేశాడు.

చీకటి పడకముందే వ్యాను వచ్చింది. చేతులకు తొడుగులేసుకున్న ఇద్దరు బక్రానూ, తాడునూ, తొట్టినీ ఎక్కించారు. పెంటికలు ఊడ్చి, కింది మట్టితో సహా సంచిలో కట్టుకున్నారు. బక్రా ఒక్కసారి అరిచింది, తలుపు మూశాక అదీ లేదు. “రేపటి సంది రాకు భాయ్” అన్నాడు అమరనాథ్, షఫీ మొహం చూడకుండా.

కాషిఫ్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. “ఫికర్ జెయ్యకు భాయ్. అమ్మీకి కలేజీ నా దాంట్లకెల్లి ఇస్త.”

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే షఫీ ఒళ్లు మండిపోయింది. అమ్మీ అప్పటికే కాషిఫ్ వైపు తిరిగి, మిరియాలు కొంచెం ఎక్కువ వెయ్యమని చెబుతోంది.

గోడ పక్కన చిన్న గిన్నెలో, బక్రా నుదుటికి పెట్టాలని షఫీ కూతురు సాదియా కలిపి ఉంచిన గోరింటాకు పైపైన ఎండుతోంది.