నాడెతో నేర్చిన ఇంగ్లీషు

యాభై ఎనిమిదిలో మా తమ్ముడు చెన్నకేశవులు ఎస్సెస్సెల్సీ రెండోసారి తప్పినాడు. అన్నిట్లోనూ పాసే, ఇంగ్లీషొక్కటే వాని గొంతుమీద కూర్చుండేది. మూడోసారి తప్పితే పుస్తకాలు పొయ్యిలోకి, వాడు మగ్గం గుంతలోకి అని మా నాయన తేల్చేసినాడు. వానికేమో బడి అయివారు కావల్లని ప్రాణం.

మా ధర్మవరం పట్టుచీరకు ఇద్దరు కూర్చోవల్ల. పడుగులో అటూ ఇటూ దారం మోసే కొయ్య నాడెల్లో, అంచు దారముండే నాడె నేను వేస్తే, చీర ఒంటికి పోయే దారముండే నాడె వాడు వేయల్ల. ఇద్దరి చేతులూ ఒక లెక్కన ఆడకపోతే చీర చెడతాది. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్నే అయినా ఇంగ్లీషు కూడబలుక్కుంటా చదువుతా. వాని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటి. నా నాడెతో ఒక ఇంగ్లీషు జాతీయం, వాని నాడెతో దాని అర్థం.

"రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్!"

"కుండపోత వాన!"

"మనకు మామూలు వానకే దిక్కు ల్యాదు, తెల్లోళ్ళకు కుక్కలూ పిల్లులూ గూడా పడతాయంట. అదృష్టవంతులబ్బా! కిక్ ది బకెట్!"

"చచ్చిపోవడం!"

"సచ్చేటోనికి బకెట్ తన్నే ఓపిక యాడుంటాదిరా?"

"అర్థం చెప్పమన్నారక్కా, వాదించమన్లేదు."

"మగ్గం కాడ ఈ కూతలేంది? ఇద్దరికీ గాలి సోకిందా?" అని నాయన నడింట్లోంచి కేకలేసేవాడు. మేం ఆపితే కదా!

పెనుకొండలో పరీక్ష. సాయంత్రం రైల్లో వాడు మొగం వేలాడేసుకొని దిగినాడు.

"అన్నీ తెలిసినవే వచ్చినాయక్కా. ఒక్కటీ నోటికి రాలేదు. ఆడ నాడె లేదు కదా."

"మరేం చేస్తివిరా?"

"బెంచీ కింద కాళ్ళతో మగ్గం తొక్కినట్ల తొక్కుతా, చేతులాడిస్తా కూర్చున్నా. కాపలా ఉండే అయివారు వచ్చి, 'ఏమబ్బా, ఎవరికి సైగ చేస్తాండావు?' అన్నాడు. 'సైగ కాదు సార్, నేస్తాండా' అన్నా."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! తరువాత?"

"నా చేతుల్లో కాయలు చూసి నవ్వినాడు. 'చప్పుడు కాకుండా నెయ్యి' అని పోయినాడు. ఇంగ నువ్వు అడిగినట్లే ఒకటొకటీ వచ్చినాయి."

పాసైనాడు. అయివారి ట్రైనింగని హిందూపురం పోయినాడు. వీధంతా బెల్లం పంచినదాన్ని నేనే, నాకంటే సంతోషించినోళ్ళు ఎవరూ లేరు. ఇల్లు మాత్రం బావురుమన్నది.

వాని చోట నాయన కూర్చున్నాడు, మూతి ముడుచుకొని. నేను నాడె వేస్తి. అలవాటు చొప్పున నోట్లోంచి ఊడిపడింది.

"వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్!"

అవతలినుంచి నాడె వచ్చింది, మాట రాలేదు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పట్టుమీద పడితే మరకని పైట అడ్డం పెట్టుకుంటి. నాయన మగ్గం ఆపినాడు. తిట్లు తప్పవనుకుంటి.

"దానికి వాడేమని చెప్తాండె?"

"ఎప్పుడో ఒకసారి, అని."

"ఊఁ. ఇంగోసారి వెయ్యి."

నేను నాడె వేసి, అదే మాట అంటి.

"ఎప్పుడో ఒకసారి," అన్నాడు నాయన, తల ఎత్తకుండానే.