తప్పిన ప్రశ్నకో చింతగింజ

"ఈ పిల్ల పది తప్పతాది, చూస్తా ఉండండి," అంది ఓబమ్మ. వినడానికి పక్కన ఎవరూ లేరు. మొగుడు యేసుబాబు ఆటో తీసుకుని దుత్తలూరు వెళ్లి గంట దాటింది. ఎదురుగా ఉన్నది చింతపండు గంప ఒక్కటే.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పబ్లిక్ పరీక్షలకు మూడు వారాల పైనే ఉంది. కాని ఓబమ్మకు కీడు ముందుగా కనబడుతుంది. ఆటో ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటుంది. కూతురు తుమ్మితే ఉదయగిరి ఆస్పత్రి గుర్తొస్తుంది. ఈసారి మాత్రం భయానికి ఆధారం ఉంది. ప్రీఫైనల్లో కరుణశ్రీకి ఫిజికల్ సైన్సులో యాభైకి పదమూడే వచ్చాయి. పైగా ఆ పిల్ల వసారాలో పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. నిన్నా అంతే, మొన్నా అంతే.

ఓబమ్మ చదివింది ఐదో తరగతి. ఆమె ఎరిగిన చదువు నాలుగిళ్లకు వినబడే చదువు. చప్పుడు లేదంటే చదువు లేనట్టే.

వసారాలోకి వచ్చి కూతురితో అంది: "ఆత్మకూరులో మీ పిన్నికి ఫోన్ చేసినాను. ఈ మూడు వారాలు ఆడుండి ట్యూషన్‌కు పోదువు. సంచి సర్దినాను."

సంచి నిజంగానే కొక్కేనికి వేలాడుతోంది.

"నేను చదవతానే ఉండాను మా."

"పుస్తకం మూసి చదివేదేంది? గోడ మీద రాసుండాదా?"

"తెరిచి చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటాది మా. మూస్తేనే ఏది రాలేదో తెలిసేది. ఇప్పుడు కొత్త చోటికి పోయి మళ్లీ మొదట్నించి మొదలుపెట్టలేను. పదిరోజులు ఆగు. పుస్తకం నువ్వు పట్టుకో, నువ్వే అడుగు. పదోరోజు జవాబు రాకపోతే నేనే బస్సెక్కతా."

ఆ మాట ఓబమ్మను చిన్నప్పటి ఆదివారం బడిలోకి లాక్కుపోయింది. అక్కడ సామ్యేలు అయ్యవారు కంఠత వాక్యాలు ఇలాగే అప్పజెప్పించేవారు. బైబిలు ఒకరి చేతిలో, వాక్యం ఇంకొకరి నోట. తడబడితే అందివ్వకూడదు. "అందిస్తే అది నీ వాక్యమైపోతాది. నోరు మూసుకో, లోపల ఉంటే అదే వస్తాది," అనేవారాయన. అలా నేర్చిన కీర్తనల్లో ఇప్పటికీ ఒక్క మాట పోలేదు ఆమెకు.

మర్నాటి నుంచి బడి వదిలాక తల్లి చింతపండు గింజలు తీస్తూ అడగడం, కూతురు చెప్పడం. వారం తిరక్కుండానే పుస్తకం అంచులు జిగురెక్కాయి. పాఠానికొక కొబ్బరి చిప్ప పెట్టుకున్నారు. ప్రశ్న తప్పితే అందులో ఒక గింజ. ఎక్కువ గింజలున్న చిప్ప ఏదో, మర్నాడు ముందు ఆ పాఠమే. చెప్పగానే గింజ తీసేది కాదు ఓబమ్మ. రెండు రోజులు ఆగి మళ్లీ అడిగి, అప్పుడూ చెబితేనే తీసేది.

అడగడం కష్టం కాలేదు గాని, పిల్ల ఆగినప్పుడు ఊరుకోవడమే ప్రాణం మీదికి వచ్చేది. పెదాలు వాటంతటవే కదిలేవి. చివరికి చింతపండు రెబ్బ ఒకటి నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకునేది. పళ్లు పులిసిపోయేవి గాని మాట బయటికి వచ్చేది కాదు.

ఏడోరోజుకు చిప్పలు సగానికి సగం ఖాళీ అయ్యాయి. ఆ రోజు అన్నం వడ్డిస్తూ మొగుణ్ణి అడిగింది: "లిట్మస్ అంటే ఏందో తెలుసా నీకు?"

"ఏ కంపెనీ టైరది?" అన్నాడు యేసుబాబు.

"ఆమ్లమైతే ఎర్రగా తిరిగే కాగితం," అంది ఓబమ్మ, తనే కనిపెట్టినంత ధీమాగా. ఆదివారం గుడిలో పాస్టరమ్మ అడక్కపోయినా చిప్పల సంగతంతా చెప్పి వచ్చింది. చెప్పాక మళ్లీ దిష్టి తగులుతుందేమోనని దిగులు పడింది.

పదోరోజు పక్కింటి పెంచలమ్మ గింజలు తీయడానికి తోడొచ్చింది. చిప్పల్లో మిగిలినవి మూడే గింజలు. అడిగినవన్నీ కరుణశ్రీ గడగడా చెప్పేసింది. ఓబమ్మ మెడ కాస్త నిటారుగా నిలబడింది.

"పుస్తకంలోది చెప్పేది గొప్పేంది వదినా," అంది పెంచలమ్మ. "ఏమ్మే, మా ఇత్తడి గిన్నెలో చింతపులుసు ఉంచితే ఆకుపచ్చగా కిలుము పడతాది. ఎందుకో చెప్పు చూద్దాం."

కరుణశ్రీ అటు తిరిగింది. గోడకేసి చూసింది.

ఓబమ్మ ఒళ్లోని పుస్తకాన్ని వేళ్లతో తడిమింది. ఈ ప్రశ్న ఏ పేజీలో ఉందో, అసలుందో లేదో తెలియదు. గిన్నెలకు కళాయి పూయిస్తారని మాత్రం తెలుసు. ఆ మాట నాలుక చివర ఉంది. రెబ్బ తీసి బుగ్గన పెట్టుకుంది. కొక్కేనికున్న సంచి కనబడింది. వీధిలో ఒక ఆటో వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. పెంచలమ్మ నాలుగు కాయలు ఒలిచింది. "రాలేదులే, వదిలెయ్," అనబోతే ఓబమ్మ పులుపు చేత్తోనే ఆమె మోకాలు పట్టుకుని ఆపింది. తన బిడ్డ ఖాళీగా లేదు, వెతుకుతోంది. ఆ చూపు ఇప్పుడు ఆమెకు తెలుసు.

"చింతపండులో ఆమ్లం ఉండాది అత్తా," అంది కరుణశ్రీ, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "ఇత్తడిలో రాగి ఉండాది. గాలి తగిలేకాడ ఆమ్లం ఆ రాగిని తింటా తింటా ఆకుపచ్చ లవణంగా మారస్తాది. అది కడుపులోకి పోతే విషం. అందుకే మనోళ్లు లోపల కళాయి పూయించేది." అప్పుడు తల్లి వైపు తిరిగింది. "ఆ సంచి దించు మా. నా రఫ్ బుక్ అందులోనే పెట్టేసినావు."