ధనరాజు బండికి రివర్సు గేరు

చీపురుపల్లిలో ధనరాజు బండి పొద్దున్నే సందులోంచి బయటికి రావడం చూసి తీరాల్సిన తమాషా. టెంటు హౌసు కుర్చీలూ గుండిగలూ మోసే చిన్న వ్యాను అది. రివర్సు గేరు చచ్చి చాన్నాళ్ళయింది. ధనరాజు దర్జాగా స్టీరింగు ముందు కూర్చునేవాడు. పెళ్ళాం కుసుమకుమారి కుచ్చిళ్ళు ఎగదోపి, బండి మూతికి భుజం ఆనించి రోడ్డు దాకా వెనక్కి తోసేది.

"తొయ్యవే! తిన్న సద్దన్నం ఏటైపోనాది?" అని లోపల్నించి కేకలు.

నవ్వొస్తుందిగానీ, పాపం ఆవిడ భుజం మీద బండి నెంబరు అచ్చు పడిపోయింది.

ఇంతలో పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. సందుల్లోకి వెనక్కి వెళ్ళలేని బండి నాకొద్దు పొమ్మన్నాడు టెంటు హౌసు యజమాని. అప్పుడు కదిలాడండీ మనవాడు, రైలు గేటు పక్కనున్న మెకానిక్కు ఎల్లాజీ షెడ్డుకి.

ఎల్లాజీ గేరుబాక్సు దించి, విప్పి, పళ్ళూడిన చక్రం ఒకటి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇదీ పోనాది బావ. ఈ బండికి పార్టు దొరకదు. ఇంట్లో మనిసిది ఎక్కించీమంటావా?"

ఆ ఊళ్ళో అందరూ చేయించుకునేదే. సోములు ఆటోకి వాళ్ళ నాన్న ఫస్టు గేరు వేశారు. ఆటో ఎంత మిట్టయినా ఎక్కేస్తుంది, ముసలాయన మంచం దిగేసరికే మధ్యాహ్నం అవుతుంది. కూర్మయ్య తన న్యూట్రల్ తనే ఇచ్చుకున్నాడు. ఇప్పుడాయన అన్నం కూడా నడుస్తూనే తింటాడు.

"నీదే ఇచ్చీవొచ్చు గదా?" అన్నాడు ఎల్లాజీ.

"నాదిచ్చీస్తే ఎనక్కి తిరిగి సూడ్డం ఎలాగరా, బండి నడిపీవోణ్ణి? మా ఆడదాన్ది తీసీ."

ధనరాజు ఎత్తు వేరే ఉంది. మాట పడినప్పుడల్లా కుసుమకుమారి రాజాంలో పుట్టింటికి పోయేది. మర్నాడో ఎల్లుండో తనే వచ్చేసేది, అది వేరే సంగతి. రివర్సంటే వెనక్కి పోవడమే కదా, అది తీసేస్తే పుట్టింటికి పోవడం బందు అనుకున్నాడు మహానుభావుడు.

"సెల్లెమ్మా, నీకిష్టవేనా?" అని, బండితోపాటు వచ్చిన కుసుమకుమారిని అడిగాడు ఎల్లాజీ.

"ఇంక నాను తొయ్యక్కర్లేదు గదా అన్నియ్యా?"

"అక్కర్లేదు."

"అయితే తీసీ."

ఆవిడ మడమ కింద స్పానరు పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. కొబ్బరినూనె వాసనతో చిన్న చక్రం తళతళా బయటికొచ్చింది. బండికి అతికినట్టు సరిపోయింది.

కుసుమకుమారికి ఇంట్లో పెద్ద కష్టమేం రాలేదు. కాకపోతే పొయ్యి దగ్గరికొచ్చాక ఉప్పు గుర్తొస్తే, డబ్బా దగ్గరికి మళ్ళీ వెళ్ళలేకపోయేది. ఓ రోజు చప్పిడి పులుసు నోట్లో పెట్టుకున్న ధనరాజు కంచం ఆవిడ మొహాన విసిరాడు.

"కుడితి ఎవడికి పోస్తన్నావే?"

ఆవిడ మొహం కడుక్కుని, సంచీ తీసుకుని గుమ్మంలోకొచ్చింది. ఎంత కోపమొచ్చినా 'ఎల్లొస్తాను' అనకుండా కదిలే మనిషి కాదు.

"ఎల్తన్నాను" అంది. తనే ఉలిక్కిపడింది. నోరు కూడదీసుకుని మళ్ళీ అంది. "ఎల్తన్నాను."

"మిగతా సగం మింగీసినావేటి?" అని పడీపడీ నవ్వాడు ధనరాజు.

నాలుగు రోజులు చూసి అత్తగారికి ఫోను చేశాడు.

"వచ్చినాది బాబూ. అన్నం తిన్నాది, పెరటి గుమ్మంలోంచి అలాగే ఎల్పోనాది. పిలిస్తే ఏడుస్తన్నాదిగానీ తిరగదు!"

బండేసుకుని వెతగ్గా వెతగ్గా పాలకొండ దాటాక దొరికింది. చెప్పుల్లేవు, అరికాళ్ళు చితికిపోయాయి, కళ్ళనిండా నీళ్ళు.

"రాకూడదని కాదయ్యా. కాలు తిరగట్లేదు. ఎలాగైనా తీసుకెళ్ళిపో."

చెయ్యి పట్టుకుని బండిలో కూర్చోబెట్టాడు. బండి ఊరివైపు తిప్పేసరికి పక్క సీటు ఖాళీ. ఆవిడ రోడ్డు మీదే ఉంది, సీతంపేట కొండల వైపు నడుస్తూ. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అంతే.

ధనరాజు తిన్నగా షెడ్డుకొచ్చి పడ్డాడు.

"ఒరే ఎల్లాజీ, దాన్ది దానికి పెట్టీరా. నీ కాళ్ళట్టుకుంటాను."

"అలాగే పెట్టీస్తాను బావ. కానీ తీసిన సోటే ఎక్కించాల. మనిసిని ఇక్కడికి తీసుకురా" అని ఎల్లాజీ ఇంకో బండి కిందకి దూరాడు.

సాయంత్రం పెళ్ళివారింటికి కుర్చీలు దింపాలి. ఇరుకు సందు, రెండు పక్కలా మోటారు సైకిళ్ళు. ధనరాజు రివర్సు వేశాడు. బండి ఎక్కడా గీత పడకుండా, తెలిసిన ఇంట్లోకి వచ్చినంత మెత్తగా వెనక్కొచ్చింది.

"పెళ్ళాన్నెంత బాగా ఎక్కించావయ్యా!" అని పెళ్ళివారు ఒకటే మెచ్చుకున్నారు.