ఒకే కుండలో తిన్నవాళ్లు

వుంపిని వచ్చేసరికి ఊళ్లోని ఇళ్లన్నీ లేచి వచ్చి ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నాయి. మట్టిగోడలు మోకాళ్లు ముడుచుకున్నాయి. గడ్డి కప్పులు పొగ తగలకుండా కాస్త వెనక్కి వాలాయి. ఆమె మోటారుసైకిలు దిగి హెల్మెట్ తీస్తుంది.

వుంపిని ఘనా రాజధానిలోని ఒక పరిశోధనా సంస్థలో పనిచేస్తుంది. ఉత్తరాది ఊళ్లలో కుటుంబాలను లెక్కపెట్టడం ఆమె పని. తగినన్ని కుటుంబాలున్న ఊరికి కాన్పుల గది వస్తుంది. ఒకే కుండలో వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబమని సంస్థ నియమం. ఇక్కడ ఊరంతటికీ ఒకటే కుండ.

"ఈ ఒక్కపూటకి వేరేగా వండుకోండి అవ్వా," అంటుంది, గరిటె పట్టుకున్న మెమునా అవ్వతో. "ఒక్క కుటుంబానికి కాన్పుల గది ఇవ్వరు."

"కరువొచ్చిన ఏడాది కుండలన్నీ ఒకదాన్లో ఒకటి దూరిపోయాయమ్మా. ఇప్పుడు బయటికి రమ్మంటే ఏది ముందు రావాలి?"

అవ్వ కోడలు సనాటు నిండు చూలాలు. రెండేళ్ల కిందట ఆస్పత్రికని నది దాటుతుంటే ఆమెకి పడవలోనే కాన్పయింది. పడవ తిరగబడి ఆడపిల్ల నదిలో పోయింది. అప్పటినుంచీ సనాటు నదివైపు వీపు పెట్టే కూర్చుంటుంది.

వచ్చినవాళ్లు తినకుండా ఏమీ అడగకూడదని ఆ ఊరి మర్యాద. అవ్వ జొన్నసంకటి, బెండకాయ పులుసు పెడుతుంది. ముద్ద గొంతు దిగాకగానీ వుంపినికి తన తెలివితక్కువతనం తెలిసిరాదు. వెంటనే పై అధికారికి ఫోన్ చేస్తుంది.

"ఇక్కడ తినేశాను సార్."

"ఎంత?"

"ఒక్క ముద్ద."

"అయితే నువ్వూ ఆ కుటుంబమే. సొంత కుటుంబాన్ని లెక్కపెట్టకూడదు. ఆ ఊరిని వదిలెయ్."

వుంపిని చాపమీద కూలబడి భోరున ఏడుస్తుంది. అవ్వ ఆమెని ఏడవనిచ్చి, తర్వాత అడుగుతుంది.

"ఈ కుండలో తింటే ఎవరైనా మన ఇంటివాళ్లేనా?"

"ఎవరైనా."

అవ్వ చిప్పనిండా సంకటి పెట్టుకుని గట్టుమీదికి వెళ్లి నదిని భోజనానికి పిలుస్తుంది. నది కాసేపు మొహమాటపడుతుంది. ఆకలి మీదుందేమో, లేచి వస్తుంది. ఇళ్లు జరిగి చోటిస్తాయి. నది వంచిన తల ఎత్తకుండా తింటుంది.

నది లేచిన చోట ఇసుక మిగులుతుంది. అవతలి గట్టున ఉన్న ఆస్పత్రి, తన వరండా అంచులు తడవకుండా పైకెత్తి పట్టుకుని, ఇసుకలో నడుచుకుంటూ వస్తుంది. నొప్పులు మొదలైన సనాటు రెండు మెట్లెక్కి లోపలికి వెళ్తుంది. ఆడపిల్ల పుడుతుంది.

నది చేతులు కడుక్కుని, బిడ్డకి నీళ్లు పోయడానికి కాళ్లు బారజాపి కూర్చుంటుంది.

"దానికా? నేనివ్వను," అంటుంది సనాటు, బిడ్డని గుండెకి అదుముకుని.

"అదీ మన ఇంటిదే ఇప్పుడు," అంటుంది అవ్వ. "ఒక్కసారి ఇటు తిరిగి చూడు."

సనాటు తిరుగుతుంది. నది ఒడిలో అప్పటికే రెండేళ్ల పిల్ల ఒకతె తడి జుట్టుతో కూర్చుని ఉంది. చెల్లెలికి చోటివ్వడానికి కాస్త పక్కకి జరుగుతుంది.