పెట్టి, పెట్టుకుని

సూర్యుడి మీద మచ్చలు వచ్చాయని పేపర్లో చదివిన దగ్గర్నుంచి అక్కకు కాలు నిలవలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె చేసేది రఫూ పని. ఖరీదైన కోటు మోచేతి దగ్గర చిరిగినా, శాలువా మీద సిగరెట్టు నిప్పు పడి చిల్లు పడినా, ఆ గుడ్డలోంచే పోగులు లాగి, ఒక్కో పోగూ అల్లి, చిరుగు ఎక్కడుండేదో వేసుకునే మనిషికే తెలియకుండా చేసేస్తుంది. అలాంటి మనిషి సూర్యుడంతటివాడి మీద మచ్చలున్నాయని తెలిశాక ఊరుకుంటుందా? మర్నాడే వెళ్ళి చెల్లెలి దుకాణంలో కూర్చుంది.

చెల్లెలిది బైనాక్యులర్లూ మైక్రోస్కోపులూ బాగుచేసే దుకాణం. వీధిలో అందరూ ఆమెను దుర్భిణమ్మ అంటారు. అక్క మాత్రం "చిన్నదీ" అనే పిలుస్తుంది. చిన్నదానికి నలభై ఆరు నిండాయన్న సంగతి ఆమె ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఆ పైన ఉన్నది దించవే. పెద్దది," అంది అక్క, మోచేయంత పొడుగున్న బైనాక్యులర్ని చూపిస్తూ.

"అది నీకెందుకక్కా? ఇరవై రెట్లు చూపిస్తుంది. నీ చేతి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది. సూర్యుడు గంతులేస్తాడు."

"నాకు వణుకా! సూదిలోకి దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తాను తెలుసా? కళ్ళజోడు కూడా లేకుండా."

"సూది చెప్పిన మాట వింటుంది. సూర్యుడు వినడు. నోరు మూసుకుని ఇది తీసుకో."

చెల్లెలు ఇచ్చింది ఎనిమిది రెట్లది, తేలికైనది, కింద స్టాండుకు బిగించుకునే మర ఉన్నది. ఇవ్వడానికి ముందు కిటికీలోంచి దూరంగా ఉన్న పొగగొట్టం మీద నిలిపి, రెండు కళ్ళకూ ఒకటే బొమ్మ కనిపిస్తోందో లేదో నాలుగుసార్లు సరిచూసింది. "ఇది మామూలు బైనాక్యులరే. దీన్ని ఇలాగే సూర్యుడి వైపు తిప్పావంటే కళ్ళు మాడిపోతాయి. నేను నల్లద్దాలు చేసి పంపిస్తాను. అవి లేకుండా ఎండలోకి తీసుకెళ్ళావో, నేను మనిషిని కాను."

అక్క అప్పటికే దాన్ని కళ్ళకు ఆనించుకుని ఎదుటి మేడ వైపు చూస్తోంది. "ఎంత బాగా కనిపిస్తోందే! ఆ తీగ మీద ఆరేసిన చొక్కాకి కాలరు చిరిగింది. వాళ్ళకి తెలుసో లేదో."

"విన్నావా నేనన్నది?"

"విన్నానే తల్లీ. నువ్వు చెప్పకుండా నేనేం చూస్తాను?"

ఆ దుకాణంలో ప్రతిదీ అద్దమే. సూర్యుడి వైపు ఉండేది పెద్దద్దం, కంటి వైపు ఉండేది చిన్నద్దం, ఎండను ఆపడానికి పెద్దద్దం మీద మూతలా తొడిగేది నల్లద్దం. చెల్లెలికి పని నేర్పిన ముసలాయన రోజుల్లో అది నిజంగానే నల్లటి గాజు. ఇప్పుడు ఆ పనికి పల్చటి వెండి రంగు రేకు వాడతారు. గాజు పోయినా పేరు మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది.

ఆ వారమే చెల్లెలు అట్టతో రెండు మూతలు చేసి, వాటికి రేకు అతికించింది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే ఒకదాంట్లో సూది మొనంత బెజ్జం కనిపించింది. దాన్ని చించిపారేసి మళ్ళీ చేసింది. అంత జాగ్రత్త మనిషి. మూతలు గీరుకుపోకుండా పేపర్లో చుట్టి, రేకుతో పాటు ఊరికే వచ్చిన అట్ట కళ్ళజోడు ఒకటి పైన పడేసి, పొట్లం కట్టి బావ చేతికిచ్చింది. ఉత్త కళ్ళతో సూర్యుణ్ణి చూడటానికి పనికొచ్చే కళ్ళజోడు అది. దాని అద్దాలు కాటుకంత నల్లగా ఉంటాయి.

"ఆదివారం పదింటికి నేనే వచ్చి బిగిస్తానని చెప్పు బావా."

బావ లిఫ్టులు బాగుచేసే మనిషి. చెప్పిన మాట మోసుకెళ్ళడంలో ఆయన పెట్టింది పేరు. ఆ మాట యథాతథంగా చెప్పాడు కూడా.

ఆదివారం పదిన్నరకు చెల్లెలు ఇంకా దుకాణంలోనే ఉంది. ఓడలో పనిచేసే ఒకాయన, సాయంత్రం బయల్దేరాలి, ఇది లేకపోతే నా పని గోవిందా అని ప్రాణం తోడేస్తున్నాడు. ఆమె రెండు చేతులూ ఆయన బైనాక్యులర్లో ఉన్నాయి. ఆవగింజంత మరలు రెండు పోకుండా పెదాల మధ్య పట్టుకుంది. ఫోను మోగితే భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది.

"వస్తున్నావా లేదా? మబ్బులు పడుతున్నాయే."

"అరగంటక్కా."

"అరగంటకి వాడు మబ్బులోకి పోతాడు. బావ స్టాండు కూడా నిలబెట్టాడు. నేను చూసేస్తానే."

"సరే, నల్లద్దాలు పెట్టుకుని చూడు. వచ్చేస్తున్నా."

ముప్పావు గంట తర్వాత ఆమె వెళ్ళేసరికి అక్క బాల్కనీలో కుర్చీలో కూర్చుని కళ్ళు నలుపుకుంటోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"కనిపించిందా?"

"కనిపించిందే! ముందంతా చీకటిగా ఉంది. ఉన్నట్టుండి భగ్గుమని తెల్లగా అయింది. ఆ తర్వాత మచ్చ కనిపించింది. ఒకటే, పెద్దది. ఇంకా కనిపిస్తోంది చూడు, నీ మొహం మీద కూడా ఉంది."

చెల్లెలు బల్ల వైపు చూసింది. మూతలు పేపరు చుట్ట విప్పకుండా అలాగే ఉన్నాయి. అక్క ఒళ్ళో అట్ట కళ్ళజోడు ఉంది. దాని రెండు నల్లటి అద్దాల్లోనూ మధ్యలో గోధుమరంగు అంచుతో చెరో చిల్లు పడింది.

ఆ క్షణంలో తన గొంతు తనకే మళ్ళీ వినిపించింది. పెట్టి చూడమనాలి. బైనాక్యులర్‌కు పెట్టి. తను పెట్టుకుని అంది. నల్లద్దాలు పెట్టుకోమంటే లోకంలో ఎవరైనా కళ్ళకే పెట్టుకుంటారు. అక్క కూడా అదే చేసింది, చెప్పింది చెప్పినట్టు. బైనాక్యులర్ పోగుచేసిన ఎండ ఆ అట్ట కళ్ళజోడును కాల్చుకుంటూ పోయి వెనకున్న కంటికి తగిలింది. కన్ను లోపల మాడితే నొప్పి తెలియదు. అందుకే అక్క నవ్వుతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. "ఎవరండీ ఇలా చూడమని చెప్పింది?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. బావ మరదలి వైపు చూశాడు.

"నేను నల్లద్దాలు పెట్టి చూడమన్నానండీ," అంది చెల్లెలు. "బైనాక్యులర్‌కి పెట్టి. సరిగ్గానే చెప్పాను."

అక్క గోడ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "అవునండీ. అది సరిగ్గానే చెప్పింది. నాదే పరధ్యానం," అంది.

చుట్టూ చూపు ఉంటుంది, మధ్యలో చూపు తిరిగి రావడం కష్టం అన్నారు. కొన్నాళ్ళు ఆగి చూద్దాం అన్నారు. ఆగారు. కుడికన్ను రవ్వంత తేరుకుంది, ఎడమకన్ను అసలు తేరుకోలేదు. అక్క ఇప్పుడు గది అంతా చూడగలదు, గుమ్మం తగలకుండా నడవగలదు. తను దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా అదే కనిపించదు. అక్షరం చూస్తే అక్షరం ఉండదు, సూది చూస్తే సూది ఉండదు. అల్మారాలో పేర్చి ఉన్న బట్టలు ఒక్కొక్కటీ చిరుగులతోనే యజమానుల ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోయాయి.

అక్క మాత్రం ఏడవలేదు. పైగా హాస్యాలు. "బావ మొహం కనిపించట్లేదే. పాతికేళ్ళకి దేవుడు నా మొర విన్నాడు," అనేది. బావ కూడా నవ్వేవాడు, నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. చెల్లెలికి ఆ నవ్వులు ముళ్ళలా గుచ్చుకునేవి. అక్క తిట్టినా బాగుండును అనుకునేది. రోజూ సాయంత్రం దుకాణం మూసి వచ్చి, పది సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పెట్టేది. రోజూ ఇవాళ చెప్పేయాలి అనుకునే వచ్చేది. చెప్పకుండానే వెళ్ళిపోయేది. దుకాణంలో ఎవరైనా సూర్యుణ్ణి చూసే మూతలు చేసిపెట్టమంటే, రేకు లేదని పంపించేసేది. రేకు చుట్ట సొరుగులో అలాగే ఉంది.

నాలుగో నెలలో ఒక రోజు చెల్లెలు వచ్చేసరికి అక్క ఒళ్ళో ఊదారంగు కోటు ఉంది. పాత ఖాతాదారు ఒకావిడ, మీ చేత్తోనే కావాలని పట్టుబట్టి ఇచ్చి వెళ్ళిందట. అక్క మొహంలో ఎన్నాళ్ళకో ఆత్రం కనిపించింది.

"మూడు రోజులు కూర్చున్నానే. చూసి కాదు, వేళ్ళతో తడిమి. పోగు పోగూ లెక్కపెట్టుకుని చేశాను. ముట్టుకుంటే నాకైతే ఏమీ తగలట్లేదు. నువ్వు చూసి చెప్పు. తెలుస్తోందా?"

చెల్లెలు కోటు తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. తెలుస్తోంది. గుమ్మంలోంచి చూసినా తెలుస్తుంది. పోగులు వంకర తిరిగి ఒక చోట ఉండకట్టాయి, ఇంకో చోట ఊదా బదులు నల్ల దారం పడింది. వెనక నుంచి అక్క మెడ చాపి ఎదురుచూస్తోంది. తెలియట్లేదక్కా అంటే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కోటు రేపు దాని యజమాని చేతికి వెళ్తుంది. ఆవిడ మొహం అక్కకు కనిపించదు, ఆవిడ మౌనం మాత్రం వినిపిస్తుంది. చెల్లెలు కోటు పట్టుకుని వెనక్కి వచ్చింది. అక్క ముందు నేల మీద కూలబడింది.

"తెలుస్తోందక్కా."

అక్క చాపిన మెడ వెనక్కి తీసుకుంది.

"బాగా తెలుస్తోంది. నేను నీకు ఇంకో అబద్ధం చెప్పలేను. ఆ రోజు ఫోన్లో నేను పెట్టి అనలేదు. పెట్టుకుని అన్నాను. డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడాను. నీ కళ్ళు నావల్లే పోయాయక్కా."

అక్క కోటు కోసం చెయ్యి చాపి, ఒళ్ళోకి తీసుకుని, కుట్టిన చోటు వేలితో ఒకసారి రాసింది.

"తెలుసు," అంది. "నాకు పోయింది కళ్ళేగా. చెవులు బాగానే ఉన్నాయి."

"మరి అక్కడ అలా ఎందుకన్నావు?"

"నువ్వప్పుడు వణికిపోతున్నావే. బావ ముందు నిన్ను అబద్ధాలకోరుని చేయమంటావా? ఇంటికెళ్ళాక నువ్వే చెప్తావులే అనుకున్నాను. రోజూ వస్తావు, దారాలెక్కిస్తావు, వెళ్ళిపోతావు. చెప్పవు." ఆమె కోటును గుప్పిట్లోకి లాక్కుంది. "నేను ఏడిస్తే నిన్ను వేలెత్తి చూపినట్టే కదా. అందుకని ఆపుకున్నాను. నాలుగు నెలలు. నా కళ్ళు పోతే నేను ఒక్కసారి కూడా ఏడవలేదు చిన్నదీ. నాకు ఏడవాలని ఎంత ఉందో నీకు తెలుసా?"

అని కోటులో మొహం దాచుకుని ఏడ్చింది. చిన్నగా మొదలై పెద్దదైంది ఆ ఏడుపు. చెల్లెలు ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఊరుకో అనలేదు. ఆ మాట అనడానికి తనకు నోరెక్కడిది?

వంటింట్లోంచి బావ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. "ఏమైంది? ఏమైంది?"

అక్క కోటులోంచే చెయ్యి ఊపి, "ఏం లేదు, మీరు వెళ్ళండి," అనబోయింది.

"నువ్వాగక్కా," అంది చెల్లెలు. "కూర్చో బావా. నీకు నేనొకటి చెప్పాలి."

బావ కూర్చున్నాడు. అక్క ఏడుస్తూనే ఉంది.