బంగార్రాజు సెంటర్లో పరదాలు

చోడవరంలో ముప్పయ్యొక్కేళ్ళు హిందీ చెప్పి రిటైరయిన కనకదుర్గ టీచరుగారికి మూడు నెలలు తిరక్కుండానే మళ్ళీ ఉద్యోగం దొరికింది. జీతం లేదు. కుర్చీ మాత్రం ఉంది.

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. బస్టాండు ఎదర ఎస్టీడీ బూత్ నడిపే బంగార్రాజు వెనకగదిలో మూడు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ అని బోర్డు కట్టేడు. మధ్యన ప్లైవుడ్ చెక్కలు, ముందు పూలపూల పరదాలు. ఆ పరదాల వెనక కుర్రగుంటలు ఏటి చూస్తన్నారో అని ఊరికి బెంగ పట్టుకుంది. అర్జీలు వెళ్ళేయి. పిల్లల రక్షణ కోసం అంటూ మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది. పరదాలు తీసెయ్యాలి, వచ్చినవాళ్ళ పేర్లు రాయాలి, నమ్మకమైన పెద్దమనిషొకరు కూచుని కంప్యూటర్ తెరలు కనిపెట్టి ఉండాలి. పెద్దమనిషంటే అందరికీ టీచరుగారే గుర్తొచ్చేరు.

ఆవిడ దాన్ని పరీక్ష హాలు డ్యూటీలాగే తీసుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని మూడు కంప్యూటర్ల వెనకా తిరిగేవారు. మొదటిరోజే ధర్మతేజ దొరికేడు. పెళ్ళి కుదిరినవాడు, హైదరాబాదులో ఉన్న పిల్లకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఉత్తరం కొడుతున్నాడు.

"ఇంకా పెళ్ళి కాలేదు కదా బాబూ, 'నువ్వు' అంటన్నావేటి? 'మీరు' అని రాయి."

ధర్మతేజ చెమట్లు కక్కుతూ నువ్వులన్నీ మీరులు చేసేడు. నాపైన కోపమొచ్చిందా అని ఆ పిల్ల మర్నాడే జవాబు రాసింది.

వడ్డాది నుంచి మొలల వైద్యం గురించి వెతికించుకుందామని వచ్చిన రామ్మూర్తి, ఆవిణ్ణి చూసి క్రికెట్ స్కోరు అడిగి వెళ్ళిపోయేడు. వారం తిరిగేసరికి రెండు కంప్యూటర్లు ఖాళీ.

"పిల్లలు సెడిపోలేదు గానండి మేడమ్‌గారూ, నా సెంటరే సెడిపోయేలాగుంది," అన్నాడు బంగార్రాజు.

టెన్త్ చదువుతున్న రూపాదేవి మాత్రం ట్యూషన్ నుంచి వస్తూ రోజూ వచ్చేది. ఒకరోజు టీచరుగారు వెనక్కి రాగానే టక్కున తెర ఆర్పేసింది.

"ఏటమ్మా అది?"

"లెక్కలండి."

"లెక్కలకి తెర ఆర్పేస్తారేటి?"

పిల్ల మొహం కందగడ్డైపోయింది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. టీచరుగారు పుస్తకంలో రాసుకున్నారు: రూపాదేవి, టెన్త్, అనుమానం.

ఆ వారమే ఆవిడకీ ఒక ఉత్తరం రాయాల్సిన పని పడింది. ట్రైనింగునాటి స్నేహితురాలు మహాలక్ష్మమ్మ భిలాయిలో ఉంటుంది. ఊళ్ళో ఎవరికీ చెప్పని సంగతి ఆమెకి చెప్పుకోవాలి. టీచరుగారు రహస్యంగా చెవిలో చెప్తున్నారు, బంగార్రాజు కొడుతున్నాడు. వాడికో అలవాటుంది, కొట్టే మాట పైకి అంటాడు.

"కట్టుడు... పళ్ళు... 'ఖ' అంటే... ఊడి... వస్తన్నాయి..."

పరదా లేదు. ఫోను కోసం బెంచీ మీద కూచున్న, ఊరి కబుర్లన్నీ మోసే నూకరత్నం తల తిప్పింది. సాయంత్రం బజారుకి వెళ్తే జామకాయలమ్మే ఆవిడ, "టీచరమ్మగారూ, మీకు మెత్తటివి ఏరి ఇస్తానుండండి," అంది ఎంతో ప్రేమగా.

ఇంటికొచ్చి ఆ కాయలు బల్ల మీద పెట్టి టీచరుగారు చాలాసేపు చూసేరు. తప్పుపనేం చేసేను? ఏమీ చెయ్యలేదు. అయినా ఎందుకింత సిగ్గేసింది? రూపాదేవి కందిన మొహం గుర్తొచ్చింది.

మర్నాడు ఆవిడ కుర్చీని రోడ్డు వేపు తిప్పేరు, తెరలకి వీపు పెట్టి. అనుమానం రాసిన పేజీ చింపేసేరు. బంగార్రాజు టీ తెప్పించేడు.

నాలుగోరోజు రూపాదేవి వచ్చింది. కాసేపు కంప్యూటర్ దగ్గర కూచుని, లేచి కుర్చీ పక్కకి వచ్చి నించుంది.

"మీరు తిట్టనంటే ఒకటి సెప్తానండి."

"సెప్పమ్మా."

చాటింగ్‌లో హిమబిందు అని ఒక స్నేహితురాలు దొరికింది. వైజాగు పిల్ల, పదహారేళ్ళు. మొదట్లో కబుర్లే. ఇప్పుడు ఫొటో పంపమంటోంది. ట్యూషన్ నుంచి ఏ దారంట వెళ్తావు, ఒక్కదానివే వెళ్తావా అని అడుగుతోంది. ఇంట్లో చెప్పొద్దంటోంది.

"ఆరోజు ఆర్పేసింది అదేనండి."

"నేను సూడనా మరి?" అని అడిగేరు టీచరుగారు. పిల్ల తలూపింది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వాక్యమే చదివేరు. స్టయిలుకి మధ్యమధ్యన హిందీ ముక్కలు. ఒకచోట ఆవిడ వేలు ఆగిపోయింది.

"'మై ఇంతజార్ కర్తా రహా' అందా ఈ పిల్ల, ఎదురుచూస్తూ ఉన్నానని? ఒసే, ఆడపిల్లయితే 'కర్తీ రహీ' కదే! ఎనిమిదో తరగతంతా నెత్తీనోరూ కొట్టుకుని సెప్పేనా లేదా?"

రూపాదేవికి నవ్వొచ్చింది. వెంటనే, 'కర్తా' అన్నది మగాడని తట్టింది. టీచరుగారు ఆ పిల్లని తన కుర్చీలో కూచోబెట్టి, గట్టిగా చెయ్యి పట్టుకున్నారు.

ఆ మాటలన్నీ ప్రింటు తీయించి, పిల్ల తల్లి నరసమ్మని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్లో ఇచ్చొచ్చేరు. పిల్లని తిట్టకూడదని నరసమ్మ చేత దారిలో రెండుసార్లు ఒట్టేయించుకున్నారు. ఆ "హిమబిందు" ఎవడో చోడవరానికి ఎప్పటికీ తెలీలేదు. మళ్ళీ రాయలేదు, అంతే.

తరవాత మండలాఫీసరు తనిఖీకి వచ్చేడు. "తెరలు సూడమన్నాం, మీరు రోడ్డు సూస్తన్నారేటండి?"

"సూసినప్పుడు ఆ పిల్ల ఆర్పేసింది బాబూ. సూడ్డం మానేసేకే వచ్చి సెప్పింది. ఆ ముక్క కూడా రాసుకో."

ఆయన పెన్ను జేబులో పెట్టేసేడు. చివరికి టేపు తెప్పించి కొలిచి, కూచున్నవాళ్ళ తలకాయలు కనపడేలా, తెరలు కనపడకుండా పరదాలు సగానికి కత్తిరించి వేలాడదీయించేడు. అటు భయపడేవాళ్ళకీ ఇటు సిగ్గుపడేవాళ్ళకీ అది పూర్తిగా నచ్చలేదు. అయినా సెంటరు నడిచింది.

దసరాకి టీచరుగారి డ్యూటీ ముగిసింది. ఆడపిల్లలు మాత్రం హిందీ డౌట్లంటూ ఆవిడ ఇంటికి రావడం మొదలుపెట్టేరు. కొందరి డౌట్లలో హిందీ ఉండేది కాదు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి కూచునేవారు.